మూతపడిన ద్వీపం: మారిషస్ పర్యాటక రంగంపై కోవిడ్ ప్రభావం

మారిషస్ ద్వీపపు ఉత్తర తీరాన సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన చిన్న భూశిరం ఒకటి ఉంది. దాని పేరు పాయింట్ ఓ కానొనియే. 19వ శతాబ్దంలో ఓడల మీద కలరా, మశూచి వంటి వ్యాధులు కనిపిస్తే ప్రయాణికులను ఊళ్ళోకి రానీయకుండా ఉంచిన క్వారంటీన్ కేంద్రాలలో ఇది ఒకటి. అలా ఉండవలసివచ్చినవారిలో అధికులు చెఱకు తోటలలో పనిచేయడానికి ఒప్పందం మీద వచ్చిన భారతీయ కూలీలు. ఇప్పుడు అదే చోట ఒక పెద్ద హోటలు ఉంది. పాతకాలపు లైట్‌హౌసు శిథిలం దాని తోటలో అలంకారంగా నిలిచివుంది. రోగభయంతో మనుషులను నిర్బంధించిన స్థలానికి డబ్బు చెల్లించి విశ్రాంతి కోసం వచ్చే రోజులు వచ్చాయి.

2020లో ఈ చక్రం మరొకసారి తిరిగింది. విదేశాలనుండి వచ్చే స్వదేశీయులను ఉంచడానికి మారిషస్ ప్రభుత్వానికి హోటళ్ళే దొరికాయి. పర్యాటకులు లేని గదులలో పౌరులు 14 రోజులపాటు తలుపు వేసుకొని కూర్చున్నారు. భోజనం తలుపు బయట పెట్టి వెళ్ళేవారు. క్వారంటీన్ హోటలుగా మారిన దేశంలో హోటలు తిరిగి క్వారంటీన్ అయింది.

నేను ఆర్థికవేత్తను కాను, వైద్యుణ్ణి. అయినా ఈ విషయం గురించి రాయాలనిపించడానికి కారణం ఉంది. ఆ రెండేళ్ళూ మేము ఆసుపత్రులలో లెక్కపెట్టినవి జ్వరాలు, ప్రాణవాయువు శాతాలు, మరణాలు. ఒక మహమ్మారికి ఇంకొక లెక్క ఉంటుందని, అది ఆసుపత్రి గోడల వెలుపల జరుగుతుందని అప్పట్లో మాకు ఆలోచించే తీరిక లేదు. ఆ రెండవ లెక్కను స్పష్టంగా చూడటానికి మారిషస్ అనువైన ఉదాహరణ. దేశం చిన్నది, సరిహద్దు అంతా సముద్రం. తలుపు ఎప్పుడు మూశారో, ఎప్పుడు తీశారో తేదీలతో సహా చెప్పవచ్చు.

చెఱకు తోటలనుండి సముద్రతీరానికి

మారిషస్ విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు, జనాభా 12 లక్షల పైచిలుకు. 1834 మొదలుకొని 20వ శతాబ్దపు తొలి దశకాల వరకు దాదాపు నాలుగున్నర లక్షలమంది ఒప్పంద కూలీలు ఆ ద్వీపానికి చేరారు. కలకత్తా, బొంబాయి రేవులతోపాటు మద్రాసునుండి, మన గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగినుండి కూడా ఓడలు వెళ్ళాయి. వాటిలో వెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉగాదిని జరుపుకుంటున్నది. ఆ రోజు దేశమంతటికీ సెలవు. మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది అక్కడే.

ఆ ద్వీపానికి అంటువ్యాధులు కొత్త కాదు. 1866-68 మధ్య వచ్చిన మలేరియా దాడిలో జనాభాలో దాదాపు పదోవంతు నశించింది. రాజధాని పోర్ట్ లూయీ నుండి స్తోమత ఉన్నవారంతా చల్లని ఎత్తుప్రదేశమైన క్యూర్‌పీప్‌కు తరలిపోయారు. దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని 1897లో సికింద్రాబాదులో కనుగొన్న రోనాల్డ్ రాస్, పదేళ్ళ తరువాత మలేరియా నివారణపై సలహా ఇవ్వడానికి పిలుపు అందుకొని వెళ్ళిన చోటు మారిషస్. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత డీడీటీతో పెద్దయెత్తున దోమల నిర్మూలన జరిగింది. 1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశాన్ని మలేరియా రహితంగా గుర్తించింది. వ్యాధి కొన్నేళ్ళలోనే తిరిగి తల ఎత్తినా, 1990ల చివరకు స్థానికంగా వ్యాపించడం పూర్తిగా ఆగిపోయింది. మలేరియా ఉన్న దేశాలనుండి వచ్చేవారిని విమానాశ్రయంలోనే గుర్తించి, తరువాత ఇంటికి వెళ్ళి రక్తపరీక్ష చేసే ఆరోగ్య సిబ్బంది అక్కడ దశాబ్దాలుగా పనిచేస్తున్నారు.

ఇది పక్కదారి పట్టడం కాదు. మలేరియా ఉన్న తీరానికి కుటుంబంతో సెలవులు గడపడానికి ఎవరూ రారు. దోమలను తరిమిన ప్రజారోగ్య సిబ్బంది కృషి లేకపోతే అక్కడి పర్యాటక రంగమే లేదు. 1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏటా వచ్చే పర్యాటకులు 20 వేలలోపే. 2019 నాటికి ఆ సంఖ్య సుమారు 13 లక్షల 80 వేలకు చేరింది. అంటే దేశ జనాభాకంటె ఎక్కువ. ఆ ఏడాది పర్యాటకులవలన వచ్చిన ఆదాయం 63 వందల కోట్ల మారిషస్ రూపాయలు. నేరుగానూ పరోక్షంగానూ కలిపితే దేశ ఆర్థిక వ్యవస్థలో సుమారు ఐదోవంతు ఈ రంగం మీద ఆధారపడివుంది. ఐరోపా దేశాలు చక్కెరకు ఇస్తూవచ్చిన హామీ ధరను 2006 తరువాత మూడోవంతుకు పైగా తగ్గించినప్పుడు మారిషస్‌ను నిలబెట్టినవాటిలో పర్యాటకం ముఖ్యమైనది.

అంటువ్యాధి పర్యాటకాన్ని ఎంత దెబ్బ తీయగలదో పొరుగు ద్వీపం ముందే చూపింది. 2005-06లో ఫ్రెంచి ద్వీపమైన రీయూనియన్‌లో చికున్‌గున్యా వ్యాపించి, జనాభాలో మూడోవంతుకు సోకింది. ఆ ఏడాది అక్కడికి వచ్చిన పర్యాటకుల సంఖ్య కూడా సుమారు మూడోవంతు పడిపోయింది. అయితే ఆ కష్టం ఒక ద్వీపానిది. అక్కడికి వెళ్ళనివారు మరొకచోటికి వెళ్ళారు. 2020లో వెళ్ళడానికి మరొకచోటు లేదు.

శార్వరి, ప్లవ

2020 మార్చి 18న మారిషస్‌లో మొదటి మూడు కోవిడ్ కేసులు ప్రకటించారు. మర్నాడే విదేశీయుల రాకను ఆపివేశారు. 20వ తేదీ ఉదయంనుండి లాక్‌డౌన్ మొదలైంది. 24నుండి కొన్ని రోజులపాటు సూపర్‌మార్కెట్లు, దుకాణాలు కూడా మూతపడ్డాయి. 25న ఉగాది. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి. ఏప్రిల్‌లో దుకాణాలు తెరిచినప్పుడు ఇంటిపేరు మొదటి అక్షరాన్నిబట్టి వారంలో ఎవరు ఏ రోజుల్లో కొనుక్కోవాలో నిర్ణయించారు. ఆదివారం ఎవరికీ లేదు.

వైద్యపరంగా చూస్తే ఇది ఫలించింది. మొదటి అల మొత్తంలో 332 కేసులు, 10 మరణాలతో వ్యాధి ఆగిపోయింది. ఏప్రిల్ చివరనాటికి స్థానిక వ్యాప్తి నిలిచిపోయింది. జూన్ నెలకు జనం మాస్కులతో పనులకు వెళ్ళసాగారు. ఆ సమయానికి ఐరోపా, అమెరికా ఆసుపత్రులలో ఏమి జరుగుతున్నదో చూసినవారికి ఇది ఎంత పెద్ద విజయమో వేరే చెప్పనక్కరలేదు. మధుమేహం విషయంలో ప్రపంచంలో ముందు వరుసన ఉన్న దేశాలలో మారిషస్ ఒకటి. పెద్దవారిలో ఐదుగురిలో ఒకరికి ఆ జబ్బు ఉంది. అలాంటి జనంలో టీకా రాకముందు ఈ వైరస్ స్వేచ్ఛగా తిరిగివుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు.

కాని వైరస్‌ను బయట ఉంచిన గోడే పర్యాటకులనూ బయట ఉంచింది. 2020లో వచ్చిన పర్యాటకులు సుమారు 3 లక్షల 9 వేలు. వారిలో దాదాపు అందరూ జనవరి, మార్చి మధ్య వచ్చినవారే. అక్టోబరునుండి 14 రోజుల క్వారంటీన్ షరతుతో అనుమతి ఇచ్చారుగాని, పదిరోజుల సెలవు దొరికే మనిషి 14 రోజులు గదిలో కూర్చోవడానికి టికెట్టు కొనడు. 2021 మార్చిలో వ్యాధి మళ్ళీ ప్రవేశించగా రెండవ లాక్‌డౌన్ వచ్చింది. ఏప్రిల్ 13న వచ్చిన ప్లవ నామ ఉగాది కూడా ఆంక్షల మధ్యనే గడిచింది. ప్లవ అంటే తెప్ప. దాటించేదని అర్థం. దాటడానికి మరికొంతకాలం పట్టింది.

గడిచిన రాత్రిని అమ్మలేము

ఇతర పరిశ్రమలు కూడా దెబ్బతిన్నాయి, కాని పర్యాటకం కూలినంత వేగంగా కూలినవి తక్కువ. దీనికి కారణం ఆ వ్యాపారపు స్వభావంలోనే ఉంది. బట్టల మిల్లు మూతపడితే సరకు గిడ్డంగిలో ఉంటుంది, ఆరునెలలకైనా అమ్మవచ్చు. హోటలు అమ్మేది ఒక రాత్రి. ఆ రాత్రి ఖాళీగా గడిచిపోతే మళ్ళీ అమ్మడానికి ఏమీ మిగలదు. ఖర్చులు మాత్రం ఆగవు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా భవనాన్ని చూసుకోవాలి, ఈతకొలను శుభ్రపరచాలి, అన్నిటికన్నా ముఖ్యంగా బ్యాంకుల అప్పులకు వడ్డీ కట్టాలి. తీరప్రాంతపు హోటళ్ళు పెద్ద అప్పులతో కట్టినవి.

రెండవ కారణం, ఆ డబ్బు ప్రవహించే దారి. పెద్ద హోటళ్ళు, ప్రయాణ సంస్థలలో నేరుగా పనిచేసేవారు సుమారు 30 వేలమంది. వారి వెనుక లెక్కలకు అందని మరొక వరుస ఉంది. దుప్పట్లు ఉతికేవారు, చేపలు పట్టేవారు, కాయగూరలు పండించేవారు, పగడపు దిబ్బలు చూపించే పడవవాళ్ళు, విమానాశ్రయంనుండి హోటలుకు చేర్చే టాక్సీవాళ్ళు, సాయంకాలం సెగా నృత్యం చేసే కళాకారులు. జీతంకన్నా బక్షీసుల మీద ఎక్కువగా ఆధారపడేవారూ ఉన్నారు. ఏ సహాయ పథకానికైనా జీతపు చీటీ ఉన్నవారిని చేరడం తేలిక, బక్షీసులతో బతికేవారిని చేరడం కష్టం.

2023లో మేము మారిషస్ వెళ్ళినప్పుడు మమ్మల్ని తిప్పిన టాక్సీ డ్రైవరు తెలుగు మూలాలున్న మనిషి. ఆయనకు తెలుగు రాదు, పెళ్ళి మంత్రాలలోనూ రామభజనలోనూ మాత్రమే విన్నాడు. లాక్‌డౌన్ ముగిశాక ఆయన అదే వండిలో కాయగూరలు వేసుకొని ఊరూరా అమ్మాడట. “ఆకలితో లేము. ప్రభుత్వం కొంత ఇచ్చింది, చెల్లెలి ఇంటినుండి బియ్యం వచ్చేవి. కాని పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియకపోవడం ఉందే, అది మీ డాక్టర్లకు చెప్పేది కాదు” అన్నాడు. నాకు మారుమాట తోచలేదు.

ఇంతలో మరొక విపత్తు. 2020 జూలై 25న వాకాషియో అనే జపాను యాజమాన్యపు సరకు ఓడ ఆగ్నేయ తీరాన పగడపు దిబ్బకు గుద్దుకొని ఆగిపోయింది. ఆగస్టు 6నుండి అందులోని ఇంధనం, సుమారు వెయ్యి టన్నులు, నీటిలోకి కారింది. బ్లూ బే సముద్ర ఉద్యానం అక్కడికి దగ్గరలోనే ఉంది. ఆ తీరంలోని జనం చెఱకు ఆకును సంచులలో కుట్టి నీటిపై తేలే అడ్డుకట్టలు కట్టారు. నూనెను పీల్చడానికి జుట్టు కత్తిరించి ఇచ్చినవారూ ఉన్నారు. హోటలు పని పోయినప్పుడు ఆ ఊళ్ళవారికి మిగిలిన రెండవ ఆధారం చేపల వేట. ఇప్పుడు అదీ ఆగిపోయింది. మహమ్మారి ఒంటరిగా రాదు. అప్పటికే ఒక కాలు విరిగిన ఇంటికి రెండవ దెబ్బ ఎంత చిన్నదైనా పెద్దదే.

నిలబెట్టడానికి అయిన ఖర్చు

ప్రభుత్వం చేతులు ముడుచుకొని కూర్చోలేదు. నెలకు 50 వేల రూపాయల వరకు జీతం ఉన్న ప్రైవేటు ఉద్యోగులకు, 25 వేలకు మించకుండా, జీతంలో కొంత భాగాన్ని యజమానులద్వారా చెల్లించింది. స్వయం ఉపాధి పొందేవారికి నెలకు 5,100 రూపాయల సహాయం అందింది. ఇతర రంగాలు తెరుచుకున్నాక కూడా పర్యాటక రంగానికి ఈ చెల్లింపు కొనసాగింది. ప్రతిగా ఉద్యోగులను తొలగించడంపై ఆంక్షలు పెట్టారు. కేంద్ర బ్యాంకు ప్రభుత్వానికి 60 వందల కోట్ల రూపాయలు ఇచ్చింది. అంతేకాక ఒక ప్రత్యేక పెట్టుబడి సంస్థను నెలకొల్పి, దానిద్వారా పెద్ద హోటలు సంస్థలకు ధనం సమకూర్చింది. జాతీయ విమాన సంస్థ ఎయిర్ మారిషస్ మాత్రం 2020 ఏప్రిల్‌లోనే దివాలా రక్షణ కోరవలసివచ్చింది.

ఈ చర్యలవలన ఇళ్ళు నిలబడ్డాయి. కాని ఆ ఏడాది దేశ స్థూల ఉత్పత్తి దాదాపు 15 శాతం కుంచించుకుపోయింది. పర్యాటకులు తెచ్చే విదేశీ మారకం ఆగిపోవడం, కొత్త ధనం చెలామణీలోకి రావడం కలిసి రూపాయి విలువ తగ్గింది. బియ్యం, గోధుమలు, ఇంధనం, మందులు అన్నీ దిగుమతి చేసుకొనే ద్వీపంలో రూపాయి పడిపోతే ఆ భారం మోసేది అందరూ. హోటలు వైపు ఎన్నడూ తొంగిచూడని ముసలమ్మ కొనుక్కొనే వంటనూనె ధరలో పర్యాటకరంగ నష్టం కనిపిస్తుంది. ఏ ఆసుపత్రి రికార్డులోనూ నమోదుకాని లక్షణమిది.

గోడ కట్టినందుకు వైద్యపరమైన మూల్యం కూడా ఉంది. 2021 వసంతంలో ఒక ఆసుపత్రి డయాలిసిస్ విభాగంలో వ్యాధి బయటపడినప్పుడు, వారానికి మూడుసార్లు యంత్రం అవసరమైన మూత్రపిండ రోగులను క్వారంటీన్‌కు తరలించారు. వారిలో పలువురు మరణించారు. క్వారంటీన్‌లో వారి చికిత్స సరిగా సాగలేదని కుటుంబాలు ఆరోపించాయి, విచారణ జరిగింది. దిగ్బంధం అన్ని శరీరాలకూ ఒకే విధంగా ఉండదని మా వృత్తిలో ఉన్నవారు గుర్తుంచుకోవలసిన సంఘటన ఇది.

మాల్దీవులు ఎందుకు ముందు తెరిచాయి?

తరచు వినిపించే ప్రశ్న ఒకటుంది. అదే హిందూ మహాసముద్రంలోని మాల్దీవులు 2020 జూలై 15నే పర్యాటకులకు తలుపు తెరిచాయి. 2021లో అక్కడికి 13 లక్షలకు పైగా వచ్చారు. మారిషస్‌కు ఆ ఏడాది వచ్చినది సుమారు లక్షా 80 వేలు మాత్రమే, అందులోనూ అధికభాగం అక్టోబరు తరువాత. మారిషస్ అనవసరంగా భయపడిందా?

జవాబు భూగోళంలో ఉంది. మాల్దీవులలో చాలావరకు ఒక ద్వీపానికి ఒకే హోటలు. సిబ్బంది అక్కడే నివసిస్తారు, పర్యాటకుడు విమానంనుండి పడవలో నేరుగా అక్కడికే వెళతాడు. వైరస్ వచ్చినా ఆ ద్వీపంలో ఆపడానికి వీలుంది. మారిషస్‌లో హోటలు పక్కనే ఊరు. ఉదయం పడకలు సర్దిన స్త్రీ సాయంత్రం బస్సెక్కి, మధుమేహం ఉన్న అత్తగారున్న ఇంటికి వెళుతుంది. మాల్దీవులవారి సగటు వయసు కూడా తక్కువ. కాబట్టి ఒకరికి పనికివచ్చిన పద్ధతి మరొకరికి పనికిరాకపోవచ్చు. అంటువ్యాధి శాస్త్రంలో మేము మొదట అడిగే ప్రశ్న ‘ఎవరు ఎవరిని కలుస్తారు?’ అన్నదే. పర్యాటక విధానానికీ అదే మొదటి ప్రశ్న కావాలి.

మారిషస్ టీకా కోసం వేచిచూసింది. 2021 జనవరిలో భారతదేశం బహుమతిగా పంపిన లక్ష మోతాదుల కోవిషీల్డ్‌తో కార్యక్రమం మొదలైంది. హోటలు సిబ్బందికి ప్రాధాన్యం ఇచ్చారు. జూలై 15నుండి టీకా వేసుకున్న పర్యాటకులు ఎంపికచేసిన హోటళ్ళ ఆవరణలో ఉండటానికి అనుమతించారు. జనాభాలో 60 శాతానికి పైగా టీకా పూర్తయ్యాక, అక్టోబరు 1న టీకా వేసుకున్నవారికి క్వారంటీన్ లేకుండా ద్వారాలు తెరిచారు.

తెరిచిన కొద్దివారాలకే డెల్టా రకం ఉధృతంగా వ్యాపించింది. అప్పటివరకు వైరస్‌ను దాదాపు ఎరుగని జనం అది. నవంబరు, డిసెంబరు నెలలలో ఆసుపత్రులు నిండాయి, మరణాలు వందలలో నమోదయ్యాయి. మొత్తం మీద ఆ దేశంలో అధికారికంగా నమోదైన కోవిడ్ మరణాలు వెయ్యికి కాస్త పైన. వాటిలో చాలా భాగం ద్వారాలు తెరిచిన తరువాతివే. అయితే తెరవకుండా ఉండవలసిందా అంటే, నా అభిప్రాయం కాదనే. ఎప్పుడో ఒకప్పుడు తెరవక తప్పని తలుపు అది. టీకాకు ముందు తెరిస్తే ఆ సంఖ్య ఎన్నో రెట్లు ఉండేది. మరికొన్ని వారాలు ఆగి వృద్ధులకూ, దీర్ఘరోగులకూ అదనపు మోతాదు ఇచ్చివుంటే కొన్ని ప్రాణాలు దక్కేవేమో. ఆ కొన్ని వారాల విలువ ఒకవైపు ప్రాణాలలోనూ, మరొకవైపు క్రిస్మసు సీజను ఆదాయంలోనూ లెక్కగట్టవలసివచ్చింది. ఆ రెంటినీ ఒకే త్రాసులో వేసే బాధ్యత ఏ వైద్యుడూ కోరుకోడు. పాలకులకు తప్పలేదు.

తిరిగి వచ్చినది, రానిది

పర్యాటకులు తిరిగి వచ్చారు. 2022లో సుమారు పది లక్షలు, 2023లో దాదాపు 13 లక్షలు, 2024లో 13 లక్షల 80 వేలు. అంటే 2019 స్థాయి అందుకోవడానికి అయిదేళ్ళు పట్టింది. రూపాయలలో ఆదాయం అంతకుముందే కోలుకుంది, అయితే అందులో కొంత రూపాయి విలువ తగ్గడంవలన కనిపించే పెరుగుదల. ఏడాదిపాటు ఉండి దూరంనుండి పనిచేసుకొనే విదేశీయులకోసం 2020 చివర ప్రవేశపెట్టిన ప్రీమియం వీసా ఇప్పటికీ కొనసాగుతున్నది.

తిరిగి రానివారు పనివారు. రెండేళ్ళు పని లేకుండా గడిపిన వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు కొందరు విహారనౌకలకు, కొందరు విదేశాలకు, మరికొందరు వేరే వృత్తులకు తరలిపోయారు. యువతకు ఈ రంగం మీద నమ్మకం సడలింది. దానితో హోటళ్ళు సిబ్బంది కొరతతో ఇబ్బందిపడి, భారత్, బంగ్లాదేశ్, నేపాల్, మడగాస్కర్ వంటి దేశాలనుండి కార్మికులను తెచ్చుకుంటున్నాయి. మళ్ళీ ఒప్పందం మీద, మళ్ళీ సముద్రం దాటి. రెండు శతాబ్దాల క్రితం చెఱకు తోటలకు, ఇప్పుడు అతిథి గృహాలకు. ఆనాటి చీకటి షరతులు ఇప్పుడు లేవు, నిజమే. కాని రేపు మరొక మహమ్మారి వస్తే సొంత ఊరికి వెళ్ళే విమానం లేక, జీతం లేక గదులలో చిక్కుకొనేది ఎవరో ఊహించవచ్చు.

ఈ కథనుండి వైద్యుడిగా నేను తీసుకున్న పాఠం ఒకటే. ఆరోగ్యమా, ఆర్థికమా అని 2020లో మనమంతా వాదించుకున్నాము. మారిషస్ చరిత్రలో అవి ఏనాడూ వేరువేరు కాలేదు. దోమలను జయించాకే తీరానికి అతిథులు వచ్చారు, వైరస్‌ను ఆపాకే మళ్ళీ వచ్చారు. విమానాశ్రయంలో ప్రయాణికుల వివరాలు రాసుకొని ఇంటింటికీ వెళ్ళి రక్తపరీక్ష చేసే చిరుద్యోగి జీతం దేశపు ఆరోగ్య బడ్జెట్టులో కనిపిస్తుంది. నిజానికి అది పర్యాటక రంగపు పెట్టుబడి. రోగం రాని సంవత్సరాలలో ఆ ఉద్యోగాన్ని అనవసరపు ఖర్చుగా కొట్టివేయకుండా ఉంచుకోవడమే రాబోయే మహమ్మారికి సిద్ధపడటం.

మనలో చాలామంది సెలవులకు ఇలాంటి ద్వీపాలకు వెళుతూనే ఉంటాము. ఈసారి వెళ్ళినప్పుడు గది సర్దే మనిషిని, టాక్సీ నడిపే మనిషిని ఆ రెండేళ్ళు ఎలా గడిచాయని ఒకసారి అడగండి. చెప్పడానికి వాళ్ళ దగ్గర చాలా ఉంది.